డోరతీ కేరీ దొరసానిగారి జీవిత సంగ్రహము

మన అమీరుపేట, పంజగుట్ట ప్రాంతముల బాలురు ఒకరినొకరు పరిహసించునప్పుడు ఎర్రగడ్డకు పొమ్మని యనుట వాడుకయై యున్నది. పంజగుట్టలో మెట్రో రైలెక్కినచో అమీరుపేట దాటిన పిమ్మట మూడవ స్టేషనే ఎర్రగడ్డ. అచ్చట ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు గనుక ఆ చోటి పేరే యొక తిట్టుగా మారినది. కాలు విరిగినవానిని జూచిగాని, మలేరియా జ్వరముతో వణకుచున్నవానిని జూచిగాని నవ్వువారు లేరు. మనస్సునకు రోగము తగిలినవానిని జూచి మాత్రము నవ్వుదురు. ఆ నవ్వునకు వెఱచి రోగి బంధువులు రోగమును దాచిపెట్టుదురు. దాచిన రోగము దినదినము పెరుగును. అనుమానము రూపమున మనస్సునందు ప్రవేశించిన రోగము ఏ విధముగా వేరు పారి, కొమ్మలు వేసి, తుదకు మనుష్యుని యంతటిని క్రమ్ముకొనునో తెలిసికొనగోరు విద్యార్థులకు డోరతీ కేరీ దొరసానిగారి చరిత్రము మిక్కిలి ఉపయోగకరముగా నుండును.

ఈమె భర్తయగు విలియము కేరీ దొరగారి పేరు ఎఱుగనివారు మన పాఠశాలలో నుండరు. తెలుగువారికి ఆయన మరింత ఆప్తుడు. 1814 సంవత్సరమున సేరంపూరు ముద్రణాలయమునుండి తెలుగు భాషకు వ్యాకరణమును వెలువరించినవాడాయనయే. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చటనే ముద్రితమైనది. భర్త చరిత్రము అనేక గ్రంథములలో విస్తారముగా వ్రాయబడినది. భార్య చరిత్రమో, ఆ గ్రంథములలో రెండు మూడు వాక్యములతో ముగియుచుండెను. ఆ వాక్యములును అనేక పర్యాయములు న్యాయముగా నుండలేదు.

డోరతీ ప్లాకెట్టు ఇంగ్లండు దేశమున నార్తాంప్టనుషైరు జిల్లాలో పిడింగ్టను గ్రామప్రాంతమున 1756లో ఒక సామాన్య కుటుంబమున పుట్టెను. ఆ కాలమున పల్లెలయందలి ఆడుపిల్లలకు చదువు చెప్పించు ఆచారము అంతగా లేదు. 1781 సంవత్సరము జూను 10 తేదీన ఆమెకు విలియము కేరీతో వివాహమైనది. వరునికి ఇరువది యేండ్లు ఇంకను నిండలేదు. వధువు అతనికంటె అయిదేండ్లకు పైగా పెద్దది. చెప్పులు కుట్టి జీవించు ఆ పడుచువాడు అప్పటికే లాటిను, గ్రీకు భాషలయందు ఆసక్తి గలవాడై యుండగా, ఆమె వివాహపు రిజిస్టరునందు పేరు వ్రాయజాలక గుర్తు మాత్రము పెట్టెను. తరువాతి కాలమున ఆమె ఉత్తరములు వ్రాయగలిగినది గనుక, పెండ్లియైన పిమ్మట అక్షరములు నేర్చుకొనినదని తెలియుచున్నది. సంసారభారము మోయుచు, బిడ్డలను కనుచు, పెంచుచు, ముప్పది యేండ్లు సమీపించిన వయస్సున చదువు నేర్చిన స్త్రీని మందమతి యనుట తగదు.

దుఃఖము ఆ యింట తొలినాళ్లనుండియు కాపురముండెను. మొదటి బిడ్డయగు ఆను రెండేండ్ల ప్రాయమున జ్వరముచే మరణించెను. అదే జ్వరము కేరీకిని తగిలి, చావు తప్పి లేచెను. పిమ్మట ఫీలిక్సు, విలియము, పీటరు అను కుమారులు కలిగిరి. లూసీ యను మరియొక కుమార్తె లెస్టరు పట్టణమున నుండగా శైశవముననే గతించెను. తిండికి చాలని జీతముతో, ఒక యూరినుండి మరియొక యూరికి మారుచు ఆమె పన్నెండేండ్లు గడపెను. ఆమెకు మతి చలించినట్లు ఆ పన్నెండేండ్లలో ఎవరును వ్రాయలేదు. దీనిని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

1792 సంవత్సరము అక్టోబరు 2 తేదీన కెటరింగు పట్టణమున బాప్తిస్టు మిషను సంఘము స్థాపింపబడెను. కొలది మాసములకే కేరీ ఇండియాకు పోవుటకు నియమింపబడెను. డోరతీ అప్పుడు గర్భవతి. పుట్టి పెరిగిన జిల్లా దాటి దూరదేశము చూచియెఱుగని యామె, దీర్ఘమైన సముద్రయాత్రకు సమ్మతింపలేదు. కేరీ యామెను ఇంటనే విడిచి, ఫీలిక్సును మాత్రము వెంటబెట్టుకొని, జాన్ థామసు అను వైద్యునితో కూడ ఓడయెక్కెను. అయితే ఈస్టిండియా కంపెనీవారి అనుమతిపత్రము లేనందున వారిని ఓడనుండి దింపివేసిరి. ఆ ఆలస్యమే డోరతీ గతిని మార్చినది. వారు తిరిగి యింటికి వచ్చునప్పటికి ఆమె ప్రసవించి మూడు వారములైనది. మొదట మరల నిరాకరించెను. థామసు రెండవ పర్యాయము ఇల్లు చొచ్చి, ఇప్పుడు రానిచో కుటుంబము శాశ్వతముగా చెదరిపోవుననియు, జీవితాంతము పశ్చాత్తాపపడవలసి వచ్చుననియు ఆమెను భయపెట్టెను. తన చెల్లెలు కిట్టీ తోడు వచ్చినయెడల వత్తునని ఆమె యొప్పుకొనెను. ఒక దినములోపల సామానులు సర్దుకొని, చంటిబిడ్డ జేబెజును ఎత్తుకొని ఆమె బయలుదేరెను. 1793 జూను 13 తేదీన డోవరు రేవున డేనిషు ఓడ యెక్కి, నవంబరు మాసమున కలకత్తా చేరిరి.

బంగాళదేశమున మొదటి యేడు కష్టపరంపరగా గడచెను. తెచ్చుకొన్న ధనము కొలది వారములలో వ్యయమైపోయెను. బాండేలు, మాణిక్‌తలా, పిమ్మట సుందరవనములయందలి దేభట్టా, ఇట్లు చోటు వెంట చోటు మారిరి. డోరతీకిని ఫీలిక్సునకును రక్తవిరేచనములు పట్టి మాసములకొలది విడువలేదు. ఇరుగుపొరుగువారి భాష ఆమెకు రాదు. దేభట్టాలో వారికి ఆశ్రయమిచ్చిన షార్టు అను కంపెనీ ఉద్యోగిని కిట్టీ తరువాత వివాహమాడెను. ఏ చెల్లెలి తోడును నమ్ముకొని సముద్రము దాటినదో, ఆ తోడును తప్పిపోయినది. 1794 వేసవి పిమ్మట కేరీ మాల్దా ప్రాంతమున మదనబాటి యను చోట నీలిమందు కర్మాగారమునకు మేనేజరుగా నెలకు రెండు వందల రూపాయల జీతము మీద కుదిరెను. ఇక తిండికి లోటు లేదనుకొను సమయమున, ఆ అక్టోబరులో, అయిదేండ్ల పీటరు విరేచనములచే మరణించెను. తల్లిదండ్రులిద్దరును మంచము పట్టియుండిరి. కుల భ్రష్టత్వమునకు వెఱచి గోయి త్రవ్వుటకుగాని శవమును మోయుటకుగాని మనుష్యులు దొరకుట దుర్లభమాయెను.

1795 తొలిమాసములలో డోరతీ మనస్సునందు ఒక నమ్మకము పుట్టినది. భర్త తనకు ద్రోహము చేయుచున్నాడనియు, పరస్త్రీలతో తిరుగుచున్నాడనియు ఆమె నిశ్చయించుకొనెను. ఆధారమేమియు లేదు. అయినను ఆమెకు ఆధారము అక్కఱలేకుండెను. మొదట సంశయముగా నున్నది కొలదికాలములోనే ప్రత్యక్షముగా జూచినంత నిశ్చయమాయెను. భర్త ఇల్లు కదలినచో వెంబడించెను. తెల్లవారక మునుపే ఆయన బయటికి పోయినను వెనుకనే పోయి, ఎవరితో మాటలాడుచున్నాడో కాచి చూచెను. పనిమనుష్యులను శంకించెను, స్నేహితుల భార్యలను శంకించెను. ఎదురుపడిన వారికెల్ల భర్త దోషమును చాటి చెప్పెను. థామసునకు ఉత్తరములు వ్రాసెను. కష్టపడి నేర్చుకొన్న అక్షరములు ఈ విధముగా రోగమునకు పరిచారికలైనవి. కోపము హెచ్చిన దినములలో ఆమె భర్త ప్రాణమునకే అపాయము తలపెట్టెను. ఇంతలో 1796 జనవరిలో జానతాను అను కుమారుడు పుట్టెను. తుదకు ఆమెను గదిలో నుంచి కావలి కాయక తప్పలేదు.

ఈ పెరుగుదలలోని క్రమమును విద్యార్థులు గమనింపవలెను. మనస్సు అలసి, భయపడి, నిద్ర చెడి యున్నప్పుడు చుట్టునున్న స్వల్ప విషయములు గొప్ప అర్థము గలవిగా తోచును. తలుపు చప్పుడు, ఒకరి చిఱునవ్వు, భర్త ఆలస్యముగా వచ్చుట, ఇవన్నియు తనను గూర్చియే జరుగుచున్నవను భావము కలుగును. మెదడునందలి డోపమైను అను రసాయనము అవసరములేని విషయములకు ప్రాధాన్యము కల్పించుట దీనికొక కారణమని నేటి శాస్త్రజ్ఞులలో పలువురు చెప్పుదురు. ఇట్టి కలవరమున నున్న మనస్సునకు ఒక కథ దొరకినచో, చెదరిన విషయములన్నియు దానిలో నొదిగి, ఒక విధమైన ఊరట కలుగును. ఆ ఊరటయే నమ్మకమునకు మేకు బిగించును. అటుపిమ్మట నమ్మకమునకు అనుకూలమైనది మాత్రమే కంటబడును, ప్రతికూలమైనది కూడ సాక్ష్యముగా మారును. భర్త కాదన్నచో దొంగ గనుక కాదనుచున్నాడు, ఊరకున్నచో దొరకిపోయినాడు గనుక ఊరకున్నాడు. స్నేహితులు కాదన్నచో వారును కుట్రలోనివారే. ఈ విధముగా ఒక మనుష్యునిపై పుట్టిన శంక పదిమందిపైకి ప్రాకును. ఇది తర్కశక్తి లేకపోవుటచే జరుగునది కాదు. తర్కము చక్కగానే నడచును, అది బయలుదేరిన చోటే తప్పు. ఇట్టి రోగులు అనేకులు ఇతర విషయములయందు తెలివిగా మాటలాడుదురు గనుక, వినువారు వారి ఆరోపణలను నిజమని నమ్ముటయు కలదు.

కేరీకి ఆ కాలమున వచ్చిన ఆలోచనలలో థామసు వ్రాసినది మిక్కిలి విలువగలది. దీనిని రోగమని యెంచి ఓర్చుకొనవలెనని ఆయన వ్రాసెను. అనేకులు చూచుచున్నారు గనుక కోపము చూపినచో అపవాదు బలపడుననియు హెచ్చరించెను. పాపమనియు, దయ్యమనియు, చెడు బుద్ధియనియు అందరు అనుకొను కాలమున రోగమను మాట పలికిన ఆ వైద్యుని మనము మెచ్చుకొనవలెను. ఆమెను బలవంతముగా ఓడ యెక్కించినవాడును ఆయనయే యనుట కూడ మరువరాదు.

1800 జనవరిలో కేరీ కుటుంబము డేనిషువారి ఏలుబడిలోనున్న సేరంపూరునకు మారెను. అచ్చట మార్ష్‌మను, వార్డు అనువారు ఆయనకు తోడైరి. హన్నా మార్ష్‌మను దొరసానిగారు తల్లి సంరక్షణకు నోచుకొనని కేరీ కుమారులను ఆదరించిరి. డోరతీ మాత్రము గదిలోనే యుండెను. ఆ సంవత్సరము డిసెంబరులో జరిగిన సంగతి చదివినచో ఎవరికైనను మనస్సు కరగును. కృష్ణపాలు అను వడ్రంగి చేయి కీలు తప్పగా థామసు దానిని సరిచేసెను. ఆ పరిచయముచే కృష్ణపాలు క్రైస్తవుడగుటకు నిశ్చయించుకొనెను. ఏండ్ల తరబడి ఎదురుచూచిన ఫలము కంటబడిన ఆనందమునకు తాళలేక థామసునకే మతి చలించెను. ఆ మాసము 28 తేదీన హుగ్లీ నది యొడ్డున కృష్ణపాలునకును ఫీలిక్సునకును బాప్తిస్మము జరుగుచుండగా, ఒక గదిలో థామసును, మరియొక గదిలో డోరతీయు కేకలు వేయుచుండిరి. రోగమని తెలిసి ఓర్చుకొనుమని వ్రాసినవాడే రోగియయ్యెను. అయితే థామసు కొలదికాలమునకే తేరుకొనెను, డోరతీ తేరుకొనలేదు. ఒకే విధముగా కనబడు పిచ్చులు లోపల భిన్నములై యుండుననుటకును, ఈ రోగము స్త్రీ పురుష భేదమునుగాని పండిత పామర భేదమునుగాని పాటింపదనుటకును ఇది తార్కాణము.

ఆమెను ఉన్మాదశాలకు పంపుమని కేరీకి స్నేహితులు పలుమార్లు చెప్పిరి. అచ్చట ఆమెను క్రూరముగా చూతురేమోయను భయముచే ఆయన పంపలేదు. ఆ కాలపు ఉన్మాదశాలలలో గొలుసులును చీకటి గదులును సామాన్యములు. ఫ్రాన్సు దేశమున పినెలు మొదలగువారు రోగులను దయతో చూడవలెనని బోధించుట అప్పుడప్పుడే ప్రారంభమై యుండెను. ప్రక్కగదిలో భార్య కేకలు వినబడుచుండగా కేరీ భాషాంతరములు చేసెననియు, 1801 నుండి ఫోర్టు విలియము కళాశాలలో ఉపాధ్యాయత్వము నెరపెననియు చరిత్రకారులు ఆయన ధైర్యమును కొనియాడిరి. కొనియాడుట తగినదే. గోడకు ఆవలివైపున నున్న మనుష్యురాలి బాధ మాత్రము ఆ కొనియాడుటలో కనబడకపోవుట విచారకరము. తనకు అన్యాయము జరుగుచున్నదని హృదయపూర్వకముగా నమ్మి, ఎంత మొఱపెట్టినను ఎవరును నమ్మక, తననే గదిలో పెట్టి తలుపు వేసినప్పుడు ఆ స్త్రీ యెంత క్షోభ పొందెనో ఊహింపుడు. నమ్మకము అబద్ధమైనను బాధ నిజమైనది.

1807 డిసెంబరు 8 తేదీన డోరతీ జ్వరముచే సేరంపూరునందు మరణించెను. అప్పటికి ఆమెకు ఏబదియొక్క యేండ్లు. రోగము పట్టి పన్నెండేండ్లు దాటినది. ఆ పన్నెండేండ్లలో ఆ మొదటి నమ్మకము సడలలేదు. మరుసటి సంవత్సరమున కేరీ షార్లటు రూమోరు అను విద్యావతిని వివాహమాడెను. వెనుకటి చరిత్రకారులు కొందరు ఈ యిద్దరు భార్యలను పోల్చి, డోరతీ భర్తకు తగిన ఇల్లాలు కాదనియు, ఆయన మార్గమునకు ఆటంకమైనదనియు వ్రాసిరి. 1992లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడైన జేమ్సు బెక్కు ఆమె జీవితమును ప్రత్యేక గ్రంథముగా వ్రాసి, పాత ఉత్తరములను పరిశీలించి, ఆమెది స్వభావదోషము కాదనియు, అసూయారూపమున ప్రబలిన భ్రాంతిరోగమనియు చూపెను. నూట ఎనుబదియేండ్లకు పిమ్మట ఆమెకు ఆ మాత్రపు న్యాయము దొరకినది.

దుఃఖమే ఆమెను పిచ్చిదానిని చేసినదని మనము తొందరపడి చెప్పరాదు. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు ఆ కాలమున అసంఖ్యాకులు, వారందరికిని మతి చలింపలేదు. వంశమునుండి వచ్చు బలహీనత, శరీరరోగము, నిద్రలేమి, ఒంటరితనము, పరదేశవాసము, వరుసగా వచ్చిన ఆపదలు, ఇట్టివి అనేకములు కూడినప్పుడు ఈ రోగము పుట్టునని వైద్యులు చెప్పుదురు. గంజాయి సేవించుట కూడ దీనికి ద్వారము తెరచునని తెలిసినది గనుక పడుచువారు ఆ వ్యసనమునకు దూరముగా నుండవలెను. ఇట్టి రోగులలో అత్యధికులు ఎవరికిని హాని చేయువారు కారు. ఇతరులు వారికి చేయు హానియే ఎక్కువ.

డోరతీ కాలమున లేనివి నేడు మనకు కలవు. 1952లో పారిసు నగరమున క్లోర్‌ప్రోమజీను అను మందును మతిభ్రమగల రోగులపై ప్రయోగించి ఫలితము కనుగొనిరి. అప్పటినుండి ఇట్టి మందులు అనేకములు వచ్చినవి. అందరికిని పూర్తిగా నయమగునని చెప్పరాదు. అయినను ఎంత త్వరగా చికిత్స ప్రారంభించినచో అంత మేలని నిశ్చయముగా తెలిసినది. మన దేశమున 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్స పొందుట ప్రతి మనుష్యుని హక్కని చెప్పి, రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. 2022 నుండి 14416 అను టెలిఫోను సంఖ్యకు ఎవరైనను ఉచితముగా మాటలాడి సలహా పొందవచ్చును.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటిలోనివారెవరైనను నిద్ర మాని, అకారణముగా తలుపులు బిగించుకొని, తమ్ము ఎవరో వెంబడించుచున్నారనిగాని, అన్నములో విషము కలిపినారనిగాని, ఇరుగుపొరుగువారు తమ్మును గూర్చియే మాటలాడుకొనుచున్నారనిగాని చెప్పసాగినయెడల, వారితో వాదింపకుడు. వాదముచే ఆ నమ్మకము మరింత గట్టిపడును. అవునని వంతపాడుటయు తగదు. నీకు భయముగా నున్నదని నాకు తెలియుచున్నది, నీ ప్రక్కన నేనుందును అని శాంతముగా చెప్పి, ఆ భయమును చూచి, నిద్రపట్టుటకై యైనను వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడు. పెండ్లి చేసిన కుదురుకొనుననియు, ఊరు మార్చిన పోవుననియు, నలుగురికి తెలిసిన పరువు పోవుననియు సంవత్సరములు గడపకుడు. సంశయముగా నున్నప్పుడు వంగు మనస్సు, నిశ్చయమైన పిమ్మట వంగుట కష్టము.

విద్యార్థులారా, మీ తరగతిలో నిన్నటివరకు కలసి ఆడిన మిత్రుడు నేడు మూలకు చేరి, అందరు తన్ను జూచి నవ్వుచున్నారని చెప్పినచో, నిజముగా నవ్వి అతని శంకకు సాక్ష్యమియ్యకుడు. ఉపాధ్యాయునికి చెప్పుడు, అతనిని ఒంటరిగా విడువకుడు. డోరతీ కేరీ దొరసానిగారికి కావలసియుండి దొరకనిది ఇదియే. ఎర్రగడ్డ చికిత్సాలయమున ఇప్పుడు చికిత్స పొందుచున్నవారికిని ఇదియే కావలసియున్నది. ఆ పేరును మన పరిహాసములలోనుండి తీసివేయుట అందులకు మొదటి పని.